కొమ్మ కోసే కత్తి, కొమ్మ పట్టుకున్న చేయి
తోట పనిముట్లతో జాగ్రత్తలు – గాయమైతే మొదటి గంటలో చేయవలసినవి

కోనసీమలో చెట్టు లేని ఇల్లు తక్కువ. ముక్తేశ్వరం, అయినవిల్లి చుట్టుపక్కల ఏ పెరట్లో చూసినా నాలుగు కొబ్బరి చెట్లు, ఒక మునగ చెట్టు, ఒక కరివేపాకు మొక్క, గోడ పక్కన మందారం, గుమ్మం దగ్గర మల్లె పొద ఉంటాయి. కాస్త భూమి ఉన్నవారికి కొబ్బరి నీడలో అరటి, కోకో ఉంటాయి. చెట్టు ఉన్న ఇంట్లో కత్తి కూడా ఉంటుంది. కూరగాయల కత్తిపీట దగ్గర పిల్లలను హెచ్చరించే మనం, పెరట్లో కొడవలి పట్టుకున్నప్పుడు మనల్ని మనం హెచ్చరించుకోము. రోజూ చేసే పనే కదా అనుకుంటాము.

మా డ్రెస్సింగ్ గదిలో పనిచేసే సిస్టర్లందరికీ తెలిసిన విషయం ఒకటుంది. తోట కత్తితో గాయపడి వచ్చేవారిలో ఎక్కువమందికి దెబ్బ తగిలేది కత్తి పట్టిన చేతికి కాదు, రెండవ చేతికి. కుడిచేతి వాటం వారికి ఎడమ చేయి, అందులోనూ బొటనవేలు, చూపుడువేలు. కారణం మనం ఆలోచిస్తే తెలిసేదే. కళ్ళు కత్తి మీద, కొమ్మ మీద ఉంటాయి. కొమ్మను పట్టుకున్న చేయి మాత్రం ఎవరి దృష్టిలోనూ ఉండదు. కొమ్మ అనుకున్నదానికంటే మెత్తగా ఉండి ఒక్కసారిగా తెగుతుంది, కత్తి ఆగకుండా ముందుకు పోతుంది, దాని దారిలో మన వేలు ఉంటుంది.

అందుచేత ఈ వ్యాసంలో చెప్పబోయే జాగ్రత్తలన్నీ మూడు ప్రశ్నలలో ఇమిడి ఉన్నాయి. కత్తి ఎత్తే ముందు ఈ మూడూ మనసులో అడుగుకోండి.

1. నా రెండవ చేయి ఎక్కడ ఉంది?
2. కత్తి జారితే ఎటు వెళుతుంది?
3. తెగిన కొమ్మ ఎక్కడ పడుతుంది?

ఏ కొమ్మకు ఏ పనిముట్టు?

చాలా ప్రమాదాలు ఒకే కత్తితో అన్ని పనులూ చేయబోవడం వలన జరుగుతాయి.

కొమ్మల కత్తెర: గులాబీ, మందారం, మల్లె, కరివేపాకు వంటి సన్నని కొమ్మలకు ఇది చాలు. చేతి వేలి లావు వరకు ఉన్న కొమ్మలనే దీనితో కోయాలి. రెండు చేతులతో నొక్కవలసి వచ్చిందంటే, కత్తెరను అటూ ఇటూ తిప్పవలసి వచ్చిందంటే, ఆ కొమ్మ ఈ పనిముట్టుకు తగినది కాదని అర్థం. మామూలు బట్టల కత్తెరతో కొమ్మలు కోయవద్దు. అది జారుతుంది, పిడి విరుగుతుంది. కొమ్మల కత్తెరకు మూసి ఉంచే చిన్న కొక్కెం ఉంటుంది. పని మధ్యలో కింద పెట్టిన ప్రతిసారీ ఆ కొక్కెం వేయాలి.

చేతి రంపం: వేలికంటే లావైన కొమ్మలకు రంపం క్షేమం. కత్తితో నాలుగు దెబ్బలు వేసేకంటే రంపంతో నిదానంగా కోస్తే కోత నునుపుగా వస్తుంది, చెట్టు గాయం త్వరగా మానుతుంది, మన చేయీ భద్రం. మొదట రెండు మూడు సార్లు మెల్లగా వెనక్కి లాగి గాడి పడనివ్వాలి. గాడి పడకముందే బలంగా తోస్తే రంపం ఎగిరి చేతి మీద పడుతుంది.

కొడవలి, కత్తి: గడ్డికీ, అరటి ఆకుకూ, అరటి పిలకలకూ, ఎండిన కొబ్బరి మట్టలకూ ఇవి ఉపయోగం. దెబ్బ ఎప్పుడూ మన శరీరానికి దూరంగా పోయేటట్లు వేయాలి. కాలి వైపు వేయకూడదు. పిలకలు నరికేటప్పుడు కాళ్ళు రెండూ ఎడంగా పెట్టి, కత్తి దారిలో పాదం లేకుండా చూసుకోవాలి. చెప్పులు లేకుండా, తడి నేల మీద నిలబడి ఈ పని చేయవద్దు. మన లంక నేలల్లో వాన పడితే కాలు ఎలా జారుతుందో మీకు తెలియనిది కాదు.

పిడి వదులుగా ఉన్న కత్తితో పని ప్రారంభించవద్దు. పిడిలోంచి ఊడి ఎగిరిన కత్తి, పని చేసేవారికే కాక పక్కనున్న వారికి కూడా తగులుతుంది.

మొద్దు కత్తే ప్రమాదం

“కత్తికి పదును ఎక్కువ, జాగ్రత్త” అని పెద్దలు చెబుతారు. నిజమే. అయితే మొద్దుబారిన కత్తి ఇంకా ప్రమాదం. పదునైన కత్తి పెట్టినచోట దిగుతుంది. మొద్దు కత్తి కొమ్మ మీద దిగక జారుతుంది. దిగలేదని మనం మరింత బలం పెడతాము. బలంతో వచ్చిన దెబ్బను మధ్యలో ఆపడం ఎవరి తరమూ కాదు. పైగా మొద్దు కత్తి చేసిన గాయం చీరుకుపోయినట్లు ఉంటుంది, చర్మం నలుగుతుంది, మానడానికి ఎక్కువ రోజులు పడుతుంది.

ఆకురాయితోగానీ సానరాయితోగానీ పదును పెట్టేటప్పుడు కత్తిని చేత్తో గాలిలో పట్టుకోకుండా, బల్ల మీదగానీ మొద్దు మీదగానీ కదలకుండా ఆనించి పట్టాలి. రాయిని వాదర వైపు నుంచి వెనక్కి కాక, మన వేళ్ళకు దూరంగా ఒకే దిశలో నడిపించాలి. పదును ఉందో లేదో వేలితో తడిమి చూడవద్దు. ఒక పచ్చి ఆకు మీద పరీక్షిస్తే చాలు.

పని అయ్యాక కత్తిని కడిగి, తుడిచి, కాస్త నూనె రాసి పెట్టండి. తెగులు సోకిన మొక్కను కోసిన కత్తితో వెంటనే మంచి మొక్కను కోయకుండా, స్పిరిట్‌తో తుడవడం మొక్కలకూ మంచిది. స్పిరిట్ త్వరగా మండుతుంది కనుక దగ్గరలో బీడీ, పొయ్యి ఉండరాదు.

కత్తిని చూరులో దోపడం మన ఇళ్ళలో అలవాటు. గాలికి జారి పడేదీ, పిల్లల చేతికి అందేదీ అక్కడి నుంచే. పాత నీళ్ళ పైపు ముక్కను నిలువునా చీల్చి వాదరకు తొడిగితే మంచి ఒర అవుతుంది, ఖర్చు లేదు. ఒకరి నుంచి మరొకరికి కత్తి ఇచ్చేటప్పుడు విసరకుండా, నేల మీద పెట్టి వారిని తీసుకోనివ్వండి.

సరిగా కోయడం అంటే?

సరైన పద్ధతిలో కోస్తే తక్కువ కోతలతో పని అవుతుంది. కోతలు తగ్గితే ప్రమాదమూ తగ్గుతుంది.

పూల మొక్కలు: గులాబీని, బయటి వైపు చూస్తున్న మొగ్గకు కొంచెం పైన, ఏటవాలుగా కోయాలి. మల్లెను మన ప్రాంతంలో చలికాలంలో, సుమారు డిసెంబరు–జనవరి నెలల్లో కత్తిరిస్తే వేసవికి కొత్త చిగుళ్ళతో పాటు పూత వస్తుంది. ముళ్ళ మొక్కను పట్టుకునే చేతికైనా మందపాటి గ్లౌజు తొడగండి. రెండు చేతులకూ లేకపోతే, కత్తి లేని చేతికి తొడగండి.

లావు కొమ్మలు: మామిడి, సపోటా వంటి చెట్ల బరువైన కొమ్మను ఒకే కోతతో దించకూడదు. సగం తెగగానే కొమ్మ బరువుకు విరిగి, బెరడు కాండం దాకా చీరుకుపోతుంది. విరిగిన కొమ్మ మన మీదకు తిరుగుతుంది. మూడు కోతలు వేయాలి. మొదట కాండానికి అడుగు దూరంలో కింది వైపు నుంచి కొద్దిగా. తరువాత దానికి కాస్త అవతల పై నుంచి పూర్తిగా. కొమ్మ పడిపోయాక, మిగిలిన మొండిని కాండం దగ్గర నిదానంగా.

మునగ: మునగ చెట్టు ఎక్కించడం అనే మాట మనకు ఊరికే రాలేదు. ఆ కొమ్మ లావుగా కనిపిస్తుంది గానీ చాలా పెళుసు. మునగ చెట్టు ఎక్కి కొమ్మలు నరకవద్దు, ఎవరినీ ఎక్కించవద్దు. నేల మీద నిలబడి అందినంత వరకు రంపంతో కోయండి. ఏటా కాపు అయ్యాక కొమ్మలను తగ్గిస్తూ వస్తే చెట్టు అందే ఎత్తులోనే ఉంటుంది, ఎక్కవలసిన పనే రాదు.

కోకో: కాండం మీద నిటారుగా లేచే నీరు కొమ్మలను లేతగా ఉన్నప్పుడే తీసివేస్తే కత్తెర చాలు. ముదిరితే కత్తి కావాలి. కాయను తిప్పి లాగకుండా కత్తెరతో తొడిమ కోయాలి. లాగితే పూత వచ్చే కణుపు దెబ్బతిని ఆ చోట మళ్ళీ కాపు రాదు. ఇక కాయ పగలగొట్టే పని. ఒక చేతిలో కాయ, ఇంకో చేతిలో కత్తి పట్టుకుని కొట్టడం చాలాచోట్ల చూస్తాము. అరచేతులు తెగేది ఇక్కడే. చెక్కతోగానీ రాయి మీద కొట్టిగానీ పగలగొడితే గింజ కూడా దెబ్బతినదు. ఈ పనికి కత్తి అవసరం లేదు.

కొబ్బరి: ఆరోగ్యంగా ఉన్న కొబ్బరి చెట్టుకు ముప్ఫై, నలభై ఆకులు ఉంటాయి. నెలకు సుమారు ఒక ఆకు కొత్తగా వస్తుంది, ఒకటి పండి రాలుతుంది. పచ్చని ఆకు తన మొదట్లో ఉన్న గెలకు ఆధారం. “శుభ్రంగా ఉంటుంది” అని పచ్చి ఆకులు నరికిస్తే దిగుబడి పోతుంది, కోసిన పచ్చి గాయం వాసనకు ఎర్ర ముక్కు పురుగు వచ్చి చెట్టునే తొలుస్తుంది. తప్పనిసరిగా పచ్చి ఆకు తీయవలసి వస్తే కాండం నుంచి సుమారు నాలుగు అడుగుల మట్ట వదిలి కోయాలి. ఎక్కడానికి వీలుగా కాండానికి గాట్లు పెట్టడం కూడా ఇదే కారణంగా తప్పు. మనం చెప్పదలచినది ఏమంటే, అవసరం లేని ఆకు కోసం మనిషిని పైకి పంపవద్దు. ఎండిన మట్ట, కాయ దింపు, ఈ రెండింటికీ ఒకేసారి ఎక్కితే చాలు.

ఎక్కే పని ఆ పని తెలిసిన దింపు కార్మికులదే. వారు చెట్టు మీద ఉన్నంతసేపు కింద ఎవరూ ఉండకూడదు. కాయ ఏరుకోవడానికి పిల్లలు పరుగెత్తుతారు. ఒక పెద్దవారు వారిని ఆపే పని మీదే ఉండాలి. వాన పడిన రోజున, గాలి ఉన్నప్పుడు, మందు తాగి ఉన్నప్పుడు ఎక్కించవద్దు. కొబ్బరి అభివృద్ధి బోర్డు వారు చెట్టు ఎక్కే కార్మికుల కొరకు ‘కేర సురక్ష’ అనే ప్రమాద బీమా నడుపుతున్నారు. మీ తోటలో పనిచేసే వారికి ఈ సంగతి చెప్పి, చేరడానికి సహాయం చేయండి. చెట్టు మీద నుంచి పడిన మనిషికి నడుము విరిగితే ఆ ఇల్లంతా మంచాన పడినట్లే.

దోటి పైకెత్తే ముందు తలెత్తి చూడండి

దోటితో కాయ కోసేటప్పుడు మన చూపు కాయ మీద ఉంటుంది, పక్కనే పోతున్న కరెంటు తీగ మీద ఉండదు. ఇనుప గొట్టం, అల్యూమినియం గొట్టం తీగకు తగిలితే ప్రాణం నిలవడం కష్టం. “మాది వెదురు గెడ, ఫరవాలేదు” అనుకోవద్దు. తడిసిన గెడ, పచ్చి గెడ కూడా కరెంటును తెస్తాయి. పచ్చి కొబ్బరి ఆకు తీగ మీద పడినా అంతే.

తీగకు కనీసం పది అడుగుల దూరంలో మనిషిగానీ గెడగానీ కొమ్మగానీ ఉండకూడదు. తీగకు దగ్గరగా పెరిగిన కొమ్మలను మనం కోయకూడదు. 1912 నంబరుకు ఫోను చేసి విద్యుత్ శాఖ వారికి చెబితే, లైను ఆపి వారే తీయిస్తారు. ఎవరికైనా షాక్ తగిలితే పట్టుకుని లాగవద్దు, రక్షించబోయినవారు కూడా పోతారు. ఇంటి లైనైతే మెయిన్ ఆపండి. వీధి లైనైతే దూరంగా ఉండి 1912కు, 108కి ఫోను చేయండి. లైను ఆగిందని నిర్ధారణ అయిన తరువాత, మనిషి ఊపిరి తీసుకోకపోతే, ఛాతీ మధ్యలో రెండు చేతులతో నిమిషానికి వంద నుంచి నూట ఇరవై సార్లు గట్టిగా నొక్కుతూ ఉండండి. అంబులెన్స్ వచ్చేవరకు ఆపవద్దు.

ఈమధ్య గడ్డి కోసే బ్రష్ కట్టర్లు ఊరూరా వచ్చాయి. వాటి బ్లేడు తగిలితేనే కాదు, అది ఎగరగొట్టిన రాయి, తీగ ముక్క తగిలినా కన్ను పోతుంది. నడిపేవారికి కళ్ళద్దాలు, బూట్లు తప్పనిసరి. మిగిలినవారు కనీసం 15 మీటర్ల దూరంలో ఉండాలి. బ్లేడులో చిక్కిన గడ్డిని ఇంజను ఆపకుండా తీయరాదు.

తుఫాను తరువాత పడిన చెట్లను నరికేటప్పుడు మరొక జాగ్రత్త ఉంది. 1996 నవంబరు 6 నాటి తుఫానును చూసిన పెద్దవారికి ఇది గుర్తుంటుంది. పడిన చెట్లు నేలకు, గోడకు, మరో చెట్టుకు ఒత్తుకుని బిగువుగా వంగి ఉంటాయి. నరకగానే విల్లులా లేచి కొడతాయి. వంగిన వైపుకు ఎదురుగా ఎప్పుడూ నిలబడవద్దు. కింద తెగిన కరెంటు తీగ ఉందేమో ముందు చూడండి.

గాయమైతే ఏమి చేయాలి?

రక్తం చూసి కంగారుపడటం సహజం. ఈ వరుసలో చేయండి.

1. శుభ్రమైన గుడ్డను గాయం మీద పెట్టి అరచేతితో గట్టిగా నొక్కండి. పది నిమిషాలు వదలవద్దు. ఆగిందా లేదా అని నిమిషానికోసారి ఎత్తి చూస్తే గడ్డకట్టిన రక్తం ఊడి మళ్ళీ కారుతుంది. గుడ్డ తడిస్తే దాని మీదే మరొకటి పెట్టండి.
2. చేయి గుండె కంటే ఎత్తులో ఉంచండి.
3. ఉంగరం, గాజులు, చేతి గడియారం వెంటనే తీసివేయండి. వాపు వచ్చాక రావు. వేలికి రక్తప్రసారం ఆగిపోతుంది.
4. రక్తం ఆగాక, చిన్న గాయమైతే ధారగా పడే శుభ్రమైన నీటితో, సబ్బుతో అయిదు నుంచి పది నిమిషాలు కడగండి. మట్టి, పీచు ఉండకూడదు. కాలువ నీళ్ళతో కడగవద్దు.
5. శుభ్రమైన గుడ్డ కట్టి ఆసుపత్రికి రండి.

లోతుగా గుచ్చుకున్న వస్తువును పీకవద్దు, కదలకుండా అలాగే తీసుకురండి. దారంతో, రబ్బరు బ్యాండుతో బిగించి కట్టవద్దు. నొక్కినా ఆగకుండా రక్తం చిమ్ముతుంటే మాత్రమే, గాయానికి పై భాగాన వెడల్పాటి గుడ్డను గట్టిగా కట్టి, కట్టిన సమయం రాసుకుని, 108కి ఫోను చేయండి.

ఇక మనం గట్టిగా చెప్పవలసిన మాట. పసుపు, కాఫీపొడి, సున్నం, బూడిద, కిరోసిన్, పేడ, గాయపాకు పసరు, ఇవేవీ తెగిన గాయంలో వేయవద్దు. గాయపాకు రక్తం ఆపుతుందని మన తాతల నాటి నుంచి నమ్మకం. కానీ ఆ ఆకు నేల మీద పెరిగింది, నలిపిన చేతులకు మట్టి ఉంది. అది గాయం లోపలికి పోతుంది. కాఫీపొడి నిండిన గాయాన్ని శుభ్రం చేయడానికి మేము రుద్దవలసి వస్తుంది, ఆ బాధ మొదటి దెబ్బ కంటే ఎక్కువ. నొక్కిపెట్టిన శుభ్రమైన గుడ్డ కంటే మంచి మందు ఇంట్లో లేదు.

గాయం చిన్నదే, ఎందుకు రావాలి అని మీరు అడగవచ్చు. ఇంటి దగ్గరే రెండు పరీక్షలు చేసుకోండి. ఆ వేలు పూర్తిగా ముడవగలరా, చాచగలరా? వేలి కొనను ముట్టుకుంటే స్పర్శ తెలుస్తున్నదా? ముడవలేకపోతే వేలిని కదిపే కండర తాడు తెగి ఉండవచ్చు. స్పర్శ లేకపోతే నరం తెగి ఉండవచ్చు. పైన చర్మం అతుక్కున్నా లోపలిది అతుక్కోదు. అదే రోజు వస్తే కుట్టి బాగుచేసే అవకాశం ఎక్కువ. నెల తరువాత “వేలు వంగడం లేదండీ” అని వస్తే ఆపరేషను కష్టం, ఫలితం తక్కువ. కూలి చేసుకునేవారికి ఆ వేలే అన్నం.

మధుమేహం ఉన్నవారు, రక్తం పలచబడే మందులు వాడేవారు ఎంత చిన్న గాటైనా చూపించుకోండి. మధుమేహం వారికి పాదం మీద పడిన గాటు నొప్పి తెలియదు, చీము పట్టాకే తెలుస్తుంది.

వేలు తెగి పడిపోతే

ఇది మనం వినడానికి ఇష్టపడని మాట, అయినా ప్రతి ఇంట్లో ఒకరికి తెలిసి ఉండాలి. తెగిన వేలు పారవేయవద్దు. సరిగా తెస్తే తిరిగి అతికించే అవకాశం ఉంటుంది.

తెగిన భాగానికి మట్టి ఉంటే శుభ్రమైన నీటితో మెల్లగా కడగండి, రుద్దవద్దు. తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టండి. నీళ్ళు చొరబడని ప్లాస్టిక్ కవరులో పెట్టి ముడివేయండి. ఆ కవరును, ఐసు ముక్కలు నీళ్ళు కలిపిన మరో కవరులోగానీ గిన్నెలోగానీ ఉంచండి. ఐసు వేలికి నేరుగా తగలకూడదు, తగిలితే కణాలు గడ్డకట్టి చచ్చిపోతాయి. నీళ్ళలో, పాలలో, ఉప్పులో వేయవద్దు. వేలు చర్మంతో వేలాడుతుంటే కోసి తీయవద్దు, అలాగే చుట్టి తీసుకురండి.

తెగిన సమయం రాసుకోండి. రోగికి తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వవద్దు, ఆపరేషను అవసరం కావచ్చు. చల్లగా భద్రపరచిన వేలిని 12 గంటల వరకు, కొన్నిసార్లు అంతకు మించి కూడా అతికించగలరు. మణికట్టుకు పైన తెగితే ఆరు గంటలే చాలా తక్కువ సమయం. ఈ ఆపరేషను ప్లాస్టిక్ సర్జను ఉన్న పెద్ద ఆసుపత్రిలోనే జరుగుతుంది. ముక్తేశ్వరం నుంచి కాకినాడ వెళ్ళినా, రాజమహేంద్రవరం వెళ్ళినా గోదావరి దాటాలి. కోటిపల్లి రేవులో పంటు కోసం ఎదురుచూడకుండా, యానాం వారధి మీదుగానో రావులపాలెం మీదుగానో రోడ్డు దారిన వెళ్ళండి. దగ్గరి ఆసుపత్రిలో కట్టు కట్టించుకుని, అక్కడి నుంచే పెద్ద ఆసుపత్రికి ఫోను చేయించి బయలుదేరితే సమయం కలిసివస్తుంది.

కంటికి కొమ్మ తగిలితే

తోటలో కంటికి ఆకు కొన కొట్టుకుంటుంది, పుల్ల గీసుకుంటుంది. “కాసేపు మండింది, తగ్గింది” అని వదిలేస్తారు. కంటి ముందున్న పలుచని పారదర్శక పొర మీద గీత పడితే, ఆకు మీది బూజు లోపలికి పోయి రెండు మూడు రోజులలో పుండు అవుతుంది. ఆ పుండు మానినా తెల్ల మచ్చ మిగిలి చూపు పోతుంది.

త్వరగా వస్తే ఎంత మేలో చెప్పే ఉదాహరణ ఒకటి ఉంది. నేపాల్‌లోని భక్తపూర్ ప్రాంతంలో కంటికి గీత పడినవారికి గ్రామ ఆరోగ్య కార్యకర్తలే యాంటీబయాటిక్ ఆయింట్‌మెంటు వేసే పద్ధతి పెట్టారు. 2001లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, గాయమైన 18 గంటల లోపు వచ్చినవారిలో ఒక్కరికి కూడా పుండు పడలేదు. ఆలస్యమైనవారిలో కొందరికి పడింది.

కనుక కన్ను నలపవద్దు. దుమ్మైతే శుభ్రమైన నీటితో కడగండి. గుచ్చుకున్నదైతే ముట్టుకోవద్దు, కన్ను మీద ఒత్తకుండా కాగితం కప్పు మూసి తీసుకురండి. తల్లిపాలు, ఆముదం, ఆకు పసరు వేయవద్దు. ఇంట్లో ఉన్న పాత చుక్కల మందు వేయవద్దు. అందులో స్టెరాయిడ్ ఉంటే బూజు పుండు మరింత పెరుగుతుంది. కొమ్మలు కోసేటప్పుడు మామూలు కళ్ళద్దాలు పెట్టుకున్నా సగం ప్రమాదం తప్పినట్లే.

ధనుర్వాతం మాట మరచిపోవద్దు

ధనుర్వాతం సూక్ష్మజీవి మట్టిలో, పేడలో ఉంటుంది. తుప్పు పట్టిన ఇనుము వల్ల వస్తుందని అనుకుంటారు. తుప్పు కాదు, దానికి అంటిన మట్టి కారణం. లోతుగా గుచ్చుకున్న చిన్న గాయమే ఎక్కువ ప్రమాదం. సాధారణంగా 3 నుంచి 21 రోజులలో దవడ పట్టేయడం, మెడ బిగుసుకోవడం, ఒళ్ళు విల్లులా వంగడం మొదలవుతాయి. వచ్చాక నయం చేయడం చాలా కష్టం, రాకుండా టీకాతో ఆపడం సులభం.

మన దేశంలో బాలింతలకు, నవజాత శిశువులకు వచ్చే ధనుర్వాతం అదుపులోకి వచ్చిందని 2015లో ప్రకటించారు. తల్లులకు టీకాలు వేయడం అందుకు ఒక ముఖ్య కారణం. కానీ తోట పని చేసే అరవై ఏళ్ళ నాన్నగారికి, తాతగారికి చిన్నప్పుడు టీకాలు పడ్డాయా? చాలామందికి తెలియదు. అలాంటివారు గాయం వరకు ఆగకుండా మూడు మోతాదులు పూర్తిచేసుకోవాలి. ఇప్పుడు పాత టి.టి. స్థానంలో టి.డి. టీకా వేస్తున్నారు. ఇది కంఠసర్పి నుంచి కూడా కాపాడుతుంది.

ప్రతి గాటుకూ ఇంజక్షను అవసరం లేదు. మూడు మోతాదులు పూర్తయినవారికి మట్టి గాయమైతే చివరి మోతాదుకు అయిదేళ్ళు దాటినప్పుడు, శుభ్రమైన చిన్న గాయమైతే పదేళ్ళు దాటినప్పుడు ఒకటి చాలు. అందుకే తారీఖు రాసిన చీటీ దాచుకోండి. ఎప్పుడూ వేయించుకోనివారికి పెద్ద మట్టి గాయమైతే, టీకాతో పాటు వెంటనే పనిచేసే మరో ఇంజక్షను కూడా అవసరం కావచ్చు. ఒకసారి ధనుర్వాతం వచ్చి తగ్గినవారికి కూడా టీకా కావాలి. జబ్బు రక్షణ ఇవ్వదు.

చివరగా

క్రిస్మస్ ముందు మందిర ఆవరణ శుభ్రం చేసే యువకులు, సెలవులకు వచ్చి తాతగారి తోటలో సరదాగా కత్తి పట్టే పిల్లలు, రోజూ ఇదే పని చేసే కూలివారు, అందరికీ ఈ మాటలు వర్తిస్తాయి. ఈ కింది భాగాన్ని కత్తిరించి, ఇంట్లో కత్తులు పెట్టే చోట గోడకు అంటించండి. చదువు రానివారికి చదివి వినిపించండి.

• రెండవ చేయి ఎక్కడ? కత్తి జారితే ఎటు? కొమ్మ ఎక్కడ పడుతుంది?
• మొద్దు కత్తి, వదులు పిడి – పని మొదలు పెట్టవద్దు.
• దోటి ఎత్తే ముందు తీగ చూడండి. తీగ దగ్గర కొమ్మలకు 1912.
• రక్తం వస్తే: శుభ్రమైన గుడ్డ, పది నిమిషాల ఒత్తిడి. పసరు, పొడులు వద్దు.
• వేలు ముడవకపోతే, స్పర్శ లేకపోతే అదే రోజు ఆసుపత్రికి.
• తెగిన వేలు: తడిగుడ్డ, కవరు, దాని బయట ఐసు నీళ్ళు.
• కంటికి తగిలితే ఆ రోజే చూపించాలి.
• చివరి టీకా తారీఖు: ................
• అంబులెన్స్: 108